ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత ప్లేలిస్టులు ఖాళీ అయ్యాయా? ముందు ఆ ఫైలు తెరిచి చూడండి

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో ఉండే మీ నాన్నగారికి బటన్లున్న చిన్న మ్యూజిక్ ప్లేయర్ కొనిచ్చారు. ఆయన క్యాసెట్ల నుంచి ఎక్కించిన కచేరీలు, హరికథలు మెమరీ కార్డులో వేసి, ఒక్కో కచేరీకి ఒక్కో ప్లేలిస్టు కంప్యూటర్‌లో చేసి పెట్టారు. కొత్త ఫర్మ్‌వేర్, అంటే ప్లేయర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, వేశాక కొన్ని ప్లేలిస్టులు తెరిస్తే ఖాళీగా ఉన్నాయి, కొన్నిట్లో ఇంగ్లీషు పేర్లున్న పాటలు మాత్రం వస్తున్నాయి, తెలుగు పేర్లున్నవి మాయం. పాత ఫర్మ్‌వేర్‌కి వెనక్కి వెళ్ళాలా, లేక కార్డు ఫార్మాట్ చేసి మళ్ళీ మొదలుపెట్టాలా?

రెండూ వద్దు. ఫార్మాట్ జోలికి అసలు పోకండి. ఫోల్డర్లలోకి వెళ్ళి పాట నొక్కితే పాడుతోందని మీరే రాశారు కదా, అంటే పాటలకేమీ కాలేదు. దెబ్బతిన్నది ప్లేలిస్టు ఫైలుకీ కొత్త ఫర్మ్‌వేర్‌కీ మధ్య ఉన్న ఒప్పందం మాత్రమే, దాన్ని ఒక్క పూటలో సరిచేసుకోవచ్చు. నేను విజయవాడలో పాత క్యాసెట్లు, స్పూల్ టేపులు డిజిటల్‌లోకి మార్చే పని చేస్తాను. మార్చాక వాటిని పెద్దవాళ్ళు వాడుకునేలా ప్లేయర్లలో సర్ది ఇవ్వడం కూడా నా పనే. ఈ ఫిర్యాదు నా దగ్గరికి తరచూ వస్తుంది. దాదాపు ప్రతిసారీ తప్పు ఫర్మ్‌వేర్ మీదికి నెట్టేస్తారు గానీ, అసలు సంగతి ప్లేలిస్టు ఫైలు లోపల ఉంటుంది.

ప్లేలిస్టులో పాటలుండవు. అది పెళ్ళి పిలుపుల చిట్టా లాంటిది, పేర్లూ అడ్రసులూ ఉంటాయి గానీ మనుషులుండరు. మామూలుగా వాడే ఎం3యు ఫైలు ఉత్త టెక్స్ట్ ఫైలే, కుడి క్లిక్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైన హ్యాష్ గుర్తుతో (#) మొదలయ్యే లైను ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తర్వాత ఒక్కో పాటకి ఒక్కో లైను, అందులో పాట ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉందో రాసి ఉంటుంది. కొన్నిట్లో పాట లైనుకి పైన ఇంకో హ్యాష్ లైను ఉండి, పాట ఎన్ని సెకన్లు, ఎవరు పాడారు, పేరేమిటి అన్నది చెబుతుంది. ప్లేయర్ చేసేదల్లా ఒక్కో లైను చదవడం, ఆ అడ్రసుకి వెళ్ళడం, అక్కడ ఫైలుంటే జాబితాలో చూపించడం, లేకపోతే నోరెత్తకుండా వదిలేయడం. ఎర్రర్ చూపించే ప్లేయర్లు తక్కువ, అందుకే మనకి అది ఖాళీగా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ సమస్యకి వద్దాం. ఇంగ్లీషు పేర్లు వచ్చి తెలుగు పేర్లు పోయాయంటేనే సగం జవాబు దొరికింది. అది ఎన్‌కోడింగ్ తేడా, అంటే అక్షరాలని కంప్యూటర్ అంకెలుగా దాచే పద్ధతిలో తేడా. ఎం3యు పద్ధతి 1990ల మధ్యలో విన్‌ప్లే3 అనే ప్లేయర్‌తో పుట్టింది, తర్వాత విన్‌ఆంప్‌తో ఊరూరా పాకింది. దానికి అధికారికంగా రాసి పెట్టిన ప్రమాణం లేదు. ఆ రోజుల్లో టెక్స్ట్ ఫైలంటే ఆ కంప్యూటర్‌కి అలవాటైన కోడ్‌పేజీలో, అంటే ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే పట్టిక ప్రకారం, ఉండేది, విండోస్ దాన్నే యాన్సీ అంటుంది. రష్యన్ వాళ్ళకీ గ్రీకు వాళ్ళకీ వాళ్ళ సొంత యాన్సీ కోడ్‌పేజీలు ఉన్నాయి కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చారు. తెలుగుకి విండోస్‌లో యాన్సీ కోడ్‌పేజీ అన్నదే లేదు, మనకి మొదటి నుంచీ అన్ని భాషల అక్షరాలూ ఉన్న యూనికోడ్ ఒక్కటే దిక్కు. కాబట్టి తెలుగు పేర్లున్న ప్లేలిస్టు పనిచేయాలంటే అది యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్‌ని ఫైల్లో రాసే పద్ధతిలో, ఉండాలి, అది యూటీఎఫ్-8 అని ప్లేయర్‌కి తెలియాలి. ఆ తెలియడం కోసమే ఎం3యు8 అని చివర 8 తగిలించిన ఇంకో పొడిగింపు (ఫైలు పేరులో చుక్క తర్వాత వచ్చే భాగం) వచ్చింది. లోపల సరుకు అదే, చివరి 8 మాత్రం ఇది యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు.

పాత ఫర్మ్‌వేర్ ఉదారంగా ఉండి ఉంటుంది, ఏ ఎం3యు ఫైలొచ్చినా యూటీఎఫ్-8 అనుకుని చదివి ఉంటుంది. కొత్తది పద్ధతి ప్రకారం వెళ్తోంది: చివర 8 ఉంటే యూటీఎఫ్-8, లేకపోతే సెట్టింగుల్లో ఉన్న డిఫాల్ట్ కోడ్‌పేజీ. రాక్‌బాక్స్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ కూడా ఇదే నియమం పాటిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు రెండు ఎన్‌కోడింగుల్లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ పాటలు దొరికాయి, తెలుగు పేర్లు తప్పుగా చదవబడి దొరకలేదు. మరి కొన్ని ప్లేలిస్టులు మొత్తానికే ఎందుకు ఖాళీ అయ్యాయంటే, అక్కడ ఫోల్డర్ పేరే తెలుగులో ఉండి ఉంటుంది. లోపల పాట పేరు ఇంగ్లీషులో ఉన్నా దారిలో మొదటి మెట్టే దొరకనప్పుడు ఏ పాటా దొరకదు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఈ ఒక్క కారణంతోనే వస్తాయి.

అందుకే ముందు ఆ ఫైలు తెరిచి చూడమంటున్నాను. మూడు రకాలుగా కనబడొచ్చు. తెలుగు చక్కగా తెలుగులాగే కనిపిస్తే మీ అదృష్టం, లోపల అంతా బాగానే ఉంది, ఫైలు పేరు చివర 8 చేర్చి కార్డులో పెట్టి చూడండి, చాలావరకు అంతటితో అయిపోతుంది. రెండోది, పైన గీత ఉన్న ఇంగ్లీషు a అక్షరం (à), దాని పక్కనే ఉష్ణోగ్రత రాసేటప్పుడు పెట్టే డిగ్రీ సున్నా (°), ఇవి మళ్ళీ మళ్ళీ వస్తూ లైనంతా పిచ్చి గీతల్లా ఉండటం. దీన్ని చూసి చాలామంది ఫైలు పాడైపోయిందని డిలీట్ చేసేస్తారు, అయ్యో అనిపిస్తుంది. పాడవలేదు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొదటి రెండు బైట్లూ చాలా అక్షరాలకి ఒకటే, వాటిని యాన్సీగా చదివితే ఆ గీత ఉన్న a, ఆ డిగ్రీ గుర్తు కనబడతాయి. అంటే సమాచారం పదిలంగా ఉంది, తెరిచిన సాఫ్ట్‌వేర్ తప్పుగా చదువుతోంది, యూటీఎఫ్-8 అని ఎంచుకుని తెరిస్తే తెలుగు తిరిగొస్తుంది. మూడోది, తెలుగు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. ఇది మాత్రం నష్టమే. ఫైలు సేవ్ చేసేటప్పుడే యాన్సీలో సేవ్ అయింది, తెలుగుకి అక్కడ చోటు లేక ఒక్కో అక్షరం బదులు ఒక్కో ప్రశ్నార్థకం రాసేసింది. దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు, ఆ ప్లేలిస్టు మళ్ళీ చేసుకోవాల్సిందే.

నోట్‌ప్యాడ్ గురించి ఒక మాట. విండోస్ 10లో 2019 మే నెలలో వచ్చిన వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తుంది. అంతకు ముందువి యాన్సీలో చేసేవి, మనం యూటీఎఫ్-8 ఎంచుకుంటే ఫైలు మొదట్లో బీఓఎం అనే మూడు బైట్లు కలిపి సేవ్ చేసేవి. ఆ మూడు బైట్లు కంటికి కనబడవు. కొన్ని ప్లేయర్లు వాటిని చూసి ఇది యూటీఎఫ్-8 అని గుర్తుపడతాయి, కొన్ని మాత్రం వాటిని మొదటి లైనులో భాగం అనుకుంటాయి. రెండో రకం ప్లేయర్‌లో ఎప్పుడూ మొదటి పాట ఒక్కటే రాదు, మిగతావన్నీ వస్తాయి. కచేరీలో వర్ణం రాకుండా నేరుగా గణపతి కీర్తనతో మొదలవుతుంటే అనుమానం దీని మీదకే పోవాలి. సేవ్ యాజ్ కొట్టి కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 అని ఉన్నది ఎంచుకోండి, పక్కన బీఓఎం అని రాసి ఉన్నది వద్దు. ఇది చేసినా పని జరగకపోతే ఫైలు మొదటి లైనులో పాట కాకుండా ఆ హ్యాష్ లైను పెట్టండి, పోతే ఆ లైనే పోతుంది.

ఎన్‌కోడింగ్ తర్వాత ఎక్కువగా ముంచేది దారి. కంప్యూటర్‌లో ప్లేలిస్టు చేస్తే చాలా సాఫ్ట్‌వేర్లు పూర్తి అడ్రసు రాసేస్తాయి, డి డ్రైవ్, దాని కింద మ్యూజిక్, దాని కింద ఇంకోటి అని. మీ నాన్నగారి ప్లేయర్‌లో డి డ్రైవ్ ఎక్కడిది? కొన్ని ఫర్మ్‌వేర్లు డ్రైవ్ అక్షరాన్ని వదిలేసి మిగతా దారిని కార్డులో వెతుకుతాయి, కొన్ని వెతకవు, అప్‌డేట్‌తో ఈ అలవాటు మారినా మారొచ్చు. దీనికి విరుగుడు దారిని ప్లేలిస్టు ఉన్న చోటు నుంచే రాయడం. నేను చేసే పద్ధతి ఇది: ఒక్కో కచేరీకి ఒక్కో ఫోల్డర్, ఆ కచేరీ ప్లేలిస్టు కూడా అదే ఫోల్డర్ లోపల. అప్పుడు ఒక్కో లైనులో రాయాల్సింది ఫైలు పేరు మాత్రమే, ఫోల్డర్ ప్రస్తావనే ఉండదు. కార్డు మార్చినా, ప్లేయర్ మార్చినా, ఫోల్డర్‌ని ఎత్తి ఇంకోచోట పెట్టినా ప్లేలిస్టు దానితోపాటే వెళ్తుంది. కొన్ని ప్లేయర్లు మాత్రం ప్లేలిస్టులన్నీ ఒకే నిర్ణీత ఫోల్డర్‌లో ఉంటేనే మెనూలో చూపిస్తాయి, మాన్యువల్‌లో ఆ ఫోల్డర్ పేరు రాసి ఉంటుంది. అలాంటి వాటికి రెండు చుక్కలు, స్లాష్, కచేరీ ఫోల్డర్ పేరు, స్లాష్, పాట పేరు అని రాస్తే సరిపోతుంది, రెండు చుక్కలంటే ఒక మెట్టు పైకి వెళ్ళు అని. స్లాష్ కూడా చూసుకోండి. విండోస్ బ్యాక్‌స్లాష్ రాస్తుంది, ప్లేయర్లలో కొన్నిటి లోపల లైనక్స్ లేదా ఆండ్రాయిడ్ ఉంటుంది కాబట్టి వాటికి ముందుకి వాలిన స్లాష్ అలవాటు. ముందుకి వాలినదే వాడితే రెండు వైపులా నడుస్తుంది.

తెలుగు పేర్లకే ప్రత్యేకమైన చిక్కులు ఇంకో రెండున్నాయి, వీటి గురించి ఎక్కడా రాసి ఉండగా నేను చూడలేదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఫ్లూట్ అని టైపు చేశాక పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి కొన్ని కీబోర్డులు వాటంతట అవే చేరుస్తాయి. పక్క అక్షరంతో ఒత్తుగా కలిసిపోకుండా ఆపడానికి అది పనికొస్తుంది. ఫైలుకి పేరు పెట్టినప్పుడు ఫోన్‌లో టైపు చేసి, ప్లేలిస్టులో లైను కంప్యూటర్‌లో టైపు చేస్తే, చూడటానికి రెండూ ఫ్లూట్ అనే ఉంటాయి, ప్లేయర్‌కి మాత్రం అవి రెండు వేరే పేర్లు. కళ్ళద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చినా మీకు తేడా దొరకదు. కాబట్టి ప్లేలిస్టులో పేరు ఎప్పుడూ చేత్తో టైపు చేయొద్దు, ఫైలు మీద క్లిక్ చేసి పేరు కాపీ చేసి పేస్ట్ చేయండి, లేదా సాఫ్ట్‌వేర్‌తోనే ప్లేలిస్టు తయారు చేయించండి.

రెండోది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో చిన్న గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెలుగు గుణింతాల్లో ఇలా విడిపోయేది ఇదొక్కటే. ఆపిల్ పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ పేర్లని విడగొట్టి దాచేది. అందుకే పాత మ్యాక్‌లో తయారైన ప్లేలిస్టుని వేరే ప్లేయర్‌లో పెడితే తోడి, కల్యాణి, మోహన అన్నీ వచ్చి, భైరవి, ఆనందభైరవి మాత్రం రాని విచిత్రం జరగొచ్చు. మీది విండోస్ కాబట్టి ఇది మీకు వర్తించకపోవచ్చు, కానీ రికార్డింగులు అమెరికాలో ఉన్న బంధువులు మ్యాక్ నుంచి పంపించినవైతే ఒకసారి చూడండి.

ఇక ఫర్మ్‌వేర్. అప్‌డేట్ అవగానే చాలా ప్లేయర్లు లోపలి పాటల డేటాబేస్‌ని చెరిపేసి మళ్ళీ కార్డంతా స్కాన్ చేసుకుంటాయి. స్కాన్ పూర్తికాకముందే తెరిస్తే అన్నీ ఖాళీగానే ఉంటాయి, పెద్ద కార్డుకి కొంత సేపు పడుతుంది, ఛార్జింగ్‌లో పెట్టి వదిలేయండి. సెట్టింగులు కూడా మొదటికొస్తాయి, భాష, కోడ్‌పేజీ, ఎం3యు ఎన్‌కోడింగ్ లాంటివి ఉంటే మళ్ళీ పెట్టుకోవాలి. ఇంకో ముఖ్యమైన తేడా, కంప్యూటర్‌లో చేసి కార్డులో పెట్టిన ప్లేలిస్టు ఫైలు వేరు, ప్లేయర్‌లోనే బటన్ నొక్కి ఇష్టమైనవి అని చేర్చుకున్న జాబితా వేరు. రెండోది చాలా ప్లేయర్లలో ఆ డేటాబేస్ లోపలే ఉంటుంది, డేటాబేస్ చెరిగితే అదీ పోతుంది, కార్డులో వెతికినా దొరకదు. మీ నాన్నగారు తనంతట తాను గుర్తులు పెట్టుకున్న పాటలుంటే, తర్వాతెప్పుడైనా అప్‌డేట్ చేసే ముందు కాగితం మీదైనా రాసిపెట్టండి. ఆయన ఏళ్ళ తరబడి విని ఎంచుకున్న వరస అది, మనకి ఫైలు పేర్లే కావచ్చు గానీ ఆయనకి చాలా విలువైనది.

అప్‌డేట్ చేయాలా వద్దా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కంపెనీ ఇచ్చిన మార్పుల జాబితా చదవండి. అందులో మీకున్న ఇబ్బంది గురించి ఒక్క లైనైనా ఉంటే వేయండి, లేకపోతే పనిచేస్తున్న ప్లేయర్‌ని కదపొద్దు. ఫోన్ సంగతి వేరు, అది ఇంటర్నెట్‌కి తగిలించి ఉంటుంది, భద్రత కోసం అప్‌డేట్ తప్పదు. వైఫై లేని చిన్న ప్లేయర్‌కి ఆ భయం లేదు. వేసేటప్పుడు మాత్రం మోడల్ పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోవాలి, ఒకే పేరుతో లోపలి చిప్ మార్చి అమ్మే మోడళ్ళు ఉంటాయి, సెట్టింగుల్లో హార్డ్‌వేర్ వెర్షన్ అని ఉంటే అది కూడా కలవాలి. ఫర్మ్‌వేర్ ఫైలుని కార్డులో ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే పెట్టాలి, పేరు మార్చకూడదు. రెండుసార్లు డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ పేరు చివర బ్రాకెట్లో 1 అని చేరుస్తుంది, ప్లేయర్ ఆ పేరుని గుర్తుపట్టదు. ఎండాకాలం మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ప్లేయర్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దానికి పరవాలేదు, కానీ డెస్క్‌టాప్ నుంచి కాపీ అవుతుండగా కరెంటు పోతే సగం ఫైలే కార్డులో పడుతుంది. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైలు సైజు పోల్చి చూడండి, ఎజెక్ట్ చేసి తీయండి, బ్యాటరీ సగానికి పైగా ఉంచండి, అప్‌డేట్ నడుస్తున్నంత సేపూ ఏ బటనూ నొక్కకండి.

పాత ఫర్మ్‌వేర్‌కి వెనక్కి వెళ్ళడం అన్ని ప్లేయర్లలోనూ కుదరదు, కొన్ని పాత వెర్షన్‌ని ఒప్పుకోవు. ఒప్పుకునేవాటిలో కూడా అది ఆఖరి దారి. మీ విషయంలో వెనక్కి వెళ్తే సమస్య దాక్కుంటుంది అంతే, రేపు ప్లేయర్ పాడై కొత్తది కొన్న రోజు మళ్ళీ ఇదే టెన్షన్.

ఫర్మ్‌వేర్ వల్లే తీరే విషయం మాత్రం ఒకటుంది, తెరమీద తెలుగు కనిపించడం. డబ్బాలు డబ్బాలుగా వస్తే ఆ ఫర్మ్‌వేర్‌లో తెలుగు ఫాంట్ లేదని. అక్షరాలొచ్చి గుణింతాలు, ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడుతుంటే ఫాంట్ ఉంది గానీ అక్షరాలని కలిపే పని తెలియదని. ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లలో ఈ బాధ ఉండదు, చిన్న చిప్‌ల మీద సొంతంగా రాసుకున్న ఫర్మ్‌వేర్లలో ఎక్కువ. అయితే గుర్తుంచుకోండి, తెరమీద డబ్బాలొచ్చినా ప్లేలిస్టు మాత్రం చక్కగా పాడొచ్చు, రెండూ వేర్వేరు సంగతులు. కొన్ని ప్లేయర్లు ఫైలు పేరు బదులు పాట లోపలి ట్యాగ్, అంటే పాట పేరు, పాడినవారి పేరు లాంటి వివరాలు, చూపిస్తాయి. అక్కడ తెలుగు గందరగోళంగా ఉంటే ట్యాగుల్ని ఐడీ3 (ఎంపీ3 ట్యాగులు రాసే పద్ధతి) వెర్షన్ 2.3, యూటీఎఫ్-16గా సేవ్ చేయండి. యూటీఎఫ్-8 ట్యాగులు 2.4లోనే వచ్చాయి, దాన్ని చదవలేని పాత ప్లేయర్లు ఉన్నాయి. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి మార్చేయొచ్చు, ప్లేలిస్టులు కూడా అదే చేసిస్తుంది.

వరస గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. ప్లేలిస్టు లేకుండా ఫోల్డర్ ప్లే చేస్తే చాలుగా అని చాలామంది అంటారు. చవక ప్లేయర్లు ఫోల్డర్‌లోని పాటల్ని అక్షర క్రమంలో కాదు, కార్డు మీద ఏది ముందు రాయబడిందో ఆ క్రమంలో పాడతాయి. కంప్యూటర్‌లో చూస్తే వరస బాగానే ఉంటుంది, ఎందుకంటే విండోస్ మనకి సర్ది చూపిస్తుంది. కచేరీ అంటే వర్ణంతో మొదలై, మధ్యలో ప్రధాన కీర్తన, తని ఆవర్తనం, చివరికి మంగళం. మంగళం మధ్యలో వచ్చి ఆ తర్వాత ఆలాపన మొదలైతే వినే పెద్దాయనకి ప్రాణం ఉసూరుమంటుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది, అక్కడి నుంచి వచ్చిన కచేరీల్నీ భక్తిరంజనినీ పొద్దున్నే క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్న తరం మన పెద్దవాళ్ళది. క్యాసెట్‌లో వరస ఎవరూ చెడగొట్టలేకపోయేవారు. ఆ వరసని డిజిటల్‌లో కాపాడేది ఈ చిన్న టెక్స్ట్ ఫైలే, అందుకే దీని మీద ఇంత రాస్తున్నాను. పాట పేర్ల ముందు 01, 02 అని రెండంకెల నంబర్లు కూడా పెట్టండి. 1, 2 అని ఒక అంకె పెడితే అక్షర క్రమం పాటించే ప్లేయర్లలో 1 తర్వాత 10 వచ్చేస్తుంది.

మిగతా ఫార్మాట్ల గురించి క్లుప్తంగా. పీఎల్ఎస్ కూడా టెక్స్టే, ఫైల్1, ఫైల్2 అని నంబర్లు వేసి ఉంటుంది, ఇంటర్నెట్ రేడియోలకి ఎక్కువ వాడారు. విండోస్ మీడియా ప్లేయర్ చేసే డబ్ల్యూపీఎల్, వీఎల్‌సీలో కనిపించే ఎక్స్‌ఎస్‌పీఎఫ్ రెండూ ఎక్స్‌ఎంఎల్‌లో రాసినవి, చిన్న ప్లేయర్లు వీటిని పట్టించుకోవడం తక్కువ, వీఎల్‌సీలో తెరిచి ఎం3యు8గా సేవ్ చేసుకోండి. ఐపాడ్ సంగతి పూర్తిగా వేరు, దాని లోపల పాటల జాబితా, ప్లేలిస్టులు సొంత డేటాబేస్‌లో ఉంటాయి, ఎం3యు ఫైలు కాపీ చేసి పెడితే పలకదు. కొత్తగా ఎవరైనా పాత ఐపాడ్ కొందామనుకుంటే, 2022 మేలో ఆపిల్ ఆఖరి మోడల్‌ని కూడా ఆపేసిందని గుర్తుపెట్టుకోండి. ఎం3యు8 కోసం నెట్‌లో వెతికితే టీవీ ఛానళ్ళ లిస్టులే కుప్పలుగా వస్తాయి, కంగారు పడొద్దు. ఫోన్లలో వీడియో స్ట్రీమింగ్‌కి కూడా ఇదే పద్ధతి వాడుతున్నారు. 2017లో దానికి రాసిన ప్రమాణ పత్రంలో ప్లేలిస్టు యూటీఎఫ్-8లోనే ఉండాలనీ బీఓఎం ఉండకూడదనీ ఖరాఖండిగా చెప్పారు. మనం పాటించాల్సింది కూడా అదే.

కార్డు గురించి కూడా చూసుకోండి. 32 జీబీ దాటిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, ఫ్యాట్32 మాత్రమే తెలిసిన ప్లేయర్ వాటిని చదవదు (ఈ రెండూ కార్డు మీద ఫైళ్ళని సర్దే పద్ధతులు). ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్‌లో రికార్డు చేసిన హరికథ రెండు గంటలు దాటగానే ఆ హద్దు తగులుతుంది. చవకగా దొరికే కార్డుల్లో పైన రాసిన సైజు లోపల లేనివి కూడా ఉంటాయి, నిండే దాకా బాగానే ఉండి తర్వాత రాసిన ఫైళ్ళు పనికిరాకుండా పోతాయి. కొత్త కార్డు కొనగానే పాటలు వేయకముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించండి.

మీరు ఇప్పుడు చేయాల్సిన పని ఇది. కార్డుని ప్లేయర్‌లోంచి తీసి రీడర్‌తో కంప్యూటర్‌కి పెట్టండి, ప్లేయర్‌ని కేబుల్‌తో కలిపితే కొన్ని మామూలు డ్రైవ్‌లా కాకుండా ఎంటీపీ అనే ఫైళ్ళు పంపే పద్ధతిలో తెరుచుకుని ప్లేలిస్టు ఫైళ్ళని ఉన్నవి ఉన్నట్టు చూపించవు. కార్డు మొత్తాన్ని కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఇంగ్లీషు పాటలు మాత్రమే వస్తున్న ఒక ప్లేలిస్టు ఎంచుకుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, తెలుగు సరిగ్గా ఉంటే బీఓఎం లేని యూటీఎఫ్-8గా సేవ్ చేసి, పొడిగింపు ఎం3యు8గా మార్చండి. విండోస్‌లో పొడిగింపులు దాచి ఉంటే ముందు వాటిని కనబడేలా పెట్టుకోవాలి, లేకపోతే చివర టీఎక్స్‌టీ అని కూడా చేరుతుంది. దారిలో డ్రైవ్ అక్షరం ఉంటే తీసేసి, ఫైలుని ఆ కచేరీ ఫోల్డర్ లోపలే పెట్టి, ఉత్త పేర్లు మాత్రం ఉంచండి. ప్లేయర్‌లో లైబ్రరీ స్కాన్ చేయించి ఆ ఒక్కటీ పాడించి చూడండి. అది వచ్చాకే మిగతావి మార్చండి, అన్నీ ఒకేసారి మార్చొద్దు.

అది కూడా రాకపోతే ప్లేయర్ మోడల్, పాత కొత్త ఫర్మ్‌వేర్ వెర్షన్ నంబర్లు, ఆ ప్లేలిస్టులోని మొదటి మూడు లైన్లు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి నాకు పంపండి. ఫోటో తీసి పెట్టొద్దు, కనబడని అక్షరాలు ఫోటోలో తెలియవు, టెక్స్ట్ కావాలి.